అట్లాంతిదా చర్చి ఇటుక గోడలు ఎలా నిలబడ్డాయి? దియెస్తే ఇంజనీరా, ఆర్కిటెక్టా?

మీరు ఒక్క ప్రశ్నగా రాసినా అందులో మూడు ప్రశ్నలున్నాయి. ఉరుగ్వేలోని అట్లాంతిదా చర్చి ఫొటోలు చూసి, లోపల ఒక్క స్తంభమైనా లేకుండా ఆ వంకర ఇటుక గోడలూ వాటి మీది అలల కప్పూ ఎలా నిలిచాయని అడిగారు. దాన్ని కట్టిన ఎలాదియో దియెస్తేను ఒకచోట ఇంజనీరనీ మరోచోట ఆర్కిటెక్టనీ రాశారు, ఏది సరైనదని అడిగారు. ఆయన కట్టిన మిగతా చర్చిలేవో, ఇవాళ అలాంటివి కట్టగలమో లేదో కూడా చెప్పమన్నారు. నేను చాలా ఏళ్లు స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేసి, ఆ తర్వాత విద్యార్థులకు షెల్ కప్పుల గురించి, అంటే గుడ్డు పెంకులా పలచగా వంచి కట్టే కప్పుల గురించి, పాఠాలు చెప్పినవాణ్ని. దియెస్తే నక్షాలు నాకు పాఠ్యపుస్తకం లాంటివి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు పడుతుంది, ఎందుకంటే దానికి జవాబు దొరికితే రెండో ప్రశ్న చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ముందుగా మనిషి గురించి నాలుగు మాటలు. దియెస్తే 1917లో ఉరుగ్వే ఉత్తరపు కొసన, బ్రెజిల్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఆర్తిగాస్ పట్టణంలో పుట్టారు. 1943లో మాంటెవీడియోలోని రిపబ్లిక్ విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగ్ పట్టా తీసుకుని, తర్వాత చాలా ఏళ్లు అక్కడే పాఠాలు చెప్పారు. ఆర్కిటెక్చర్‌లో ఆయనకు ఏ పట్టా లేదు. ఇటుకతో ఆయన అనుబంధం 1946లో మొదలైంది. స్పెయిన్‌లోని కాటలోనియా నుంచి వచ్చిన ఆంతోని బోనెత్ అనే ఆర్కిటెక్టు పుంతా బయేనా సముద్రతీరంలో ఒక ఇల్లు కడుతూ, దాని వంపు కప్పుల లెక్కల కోసం ఈ యువ ఇంజనీరును పిలిచారు. ఆ కప్పులను కాంక్రీటుతో కాకుండా ఒకే వరస ఇటుకతో, సందుల్లో సన్నని ఇనుప కడ్డీలు వేసి కడితే సరిపోతుందని చెప్పింది దియెస్తేయే. ఆ ఒక్క సలహా మీదే ఆయన మిగతా జీవితమంతా నడిచిందంటే అతిశయోక్తి కాదు. ఆ తర్వాత 1950ల నడుమ సహాధ్యాయి ఎయుహేనియో మొంతన్యేస్‌తో కలిసి సొంత నిర్మాణ సంస్థ పెట్టి, ఉరుగ్వేలోనూ పొరుగు దేశాల్లోనూ గోదాములు, ఫ్యాక్టరీలు, మార్కెట్లు, బస్సు స్టేషన్లు, ధాన్యపు కొట్లు, నీళ్ల ట్యాంకులు కట్టారు. చర్చిలు ఆ మొత్తం పనిలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. 2000లో ఆయన కన్నుమూశారు.

బోనెత్ కాటలోనియా వాడన్నాను కదా అని చాలామంది దియెస్తే పద్ధతిని కాటలాన్ కమానుల కొనసాగింపుగా రాసేస్తుంటారు. ఇది పొరపాటు. కాటలాన్ పద్ధతిలో పలచని బిళ్లలను, త్వరగా గట్టిపడే జిప్సంతో, రెండు మూడు పొరలుగా, దాదాపు సెంట్రింగ్ లేకుండా అంటిస్తూ పోతారు; అందులో ఇనుము ఉండదు. దియెస్తేది ఒకే పొర ఇటుక, సిమెంటు గచ్చు, సందుల్లో ఇనుము, కింద చెక్క సెంట్రింగ్. మొదటి దాంట్లో మేస్త్రీ చేతి ఒడుపు ప్రధానం, రెండో దాంట్లో లెక్క ప్రధానం. అసలు ఇటుకే ఎందుకని అడిగితే దియెస్తే దగ్గర జవాబులు చాలా ఉండేవి. కాల్చిన మట్టి తన బరువుతో పోలిస్తే మంచి గట్టిదనం చూపుతుంది, ఎండనూ చలినీ కాంక్రీటు కంటే బాగా ఆపుతుంది, గదిలో శబ్దాన్ని మెత్తబరుస్తుంది, పాతబడే కొద్దీ అందం తగ్గదు, అన్నిటికీ మించి ఉరుగ్వేలో చవకగా దొరుకుతుంది. ఒక బీద దేశం ధనిక దేశాల పద్ధతులను యథాతథంగా అరువు తెచ్చుకోనక్కర్లేదన్నది ఆయన గట్టి నమ్మకం.

ఇక అట్లాంతిదా. మాంటెవీడియోకు తూర్పున సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, కనెలోనెస్ ప్రాంతంలో అట్లాంతిదా అనే సముద్రతీర విడిది పట్టణం ఉంది. చర్చి ఆ విడిదిలో లేదు. అక్కడి నుంచి లోపలికి, రైల్వే స్టేషన్ చుట్టూ పెరిగిన ఎస్తసియోన్ అట్లాంతిదా అనే శ్రామికుల ఊళ్లో ఉంది. శ్రామిక క్రీస్తు పేరు మీదా లూర్దు మాత పేరు మీదా దాన్ని ప్రతిష్ఠించారు. 1952లో దియెస్తేకు అప్పగించిన ఆ పని నిర్మాణం దాకా వచ్చేసరికి ఆరేళ్లు పట్టింది. 1958లో మొదలై 1960లో ముగిసింది. అప్పటిదాకా ఆయన స్వతంత్రంగా ఒక భవనాన్ని మొత్తంగా రూపకల్పన చేసింది లేదు. ఇతరులు గీసిన వాటికి లెక్కలు కట్టడం, కప్పులు వేయడమే ఆయన పని. ఇక్కడ మాత్రం ఆర్కిటెక్టంటూ ఎవరూ లేరు. తలుపు ఎక్కడ, బలిపీఠం ఎక్కడ, వెలుగు ఎటునుంచి రావాలి అన్నవన్నీ ఆయనే తేల్చుకోవాల్సి వచ్చింది.

లోపలి హాలు స్థూలంగా 16 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు. రెండు పక్కలా 7 మీటర్ల ఎత్తు గోడలు, మందం 30 సెంటీమీటర్లు. ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. 30 సెంటీమీటర్ల మందంలో 7 మీటర్లు తిన్నగా లేపిన గోడ ఎత్తు దాని మందానికి ఇరవైమూడు రెట్లకు పైనే. మధ్యలో అడ్డగోడ లేదు, దిమ్మె లేదు. పైన భారీ కప్పు. ఇలాంటి గోడను ఎవరైనా నాకు చూపిస్తే సంతకం పెట్టను. అయితే అది వంకరగా ఉంది కదా, ముడతలు పెట్టిన కాగితం నిలబడ్డట్టు నిలబడుతుంది అని చాలాచోట్ల రాశారు. ఈ జవాబు సగమే నిజం. ఎందుకంటే మీరు ఫొటోలో గోడ అడుగును చూడండి: నేల దగ్గర అది రూళ్లకర్ర పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. అల అక్కడ మొదలై, పైకి వెళ్లే కొద్దీ లోపలికీ బయటికీ పెరుగుతూ, చూరు దగ్గర గరిష్ఠానికి చేరుతుంది. అంటే ముడత వల్ల వచ్చే బలం గోడ అడుగున శూన్యం, పైభాగంలో సంపూర్ణం. తూలిపోయే గోడ అడుగు దగ్గరే కదా విరుగుతుంది, అక్కడ బలం పెట్టకుండా పైన పెట్టడమేమిటని ఎవరికైనా సందేహం రావాలి. నాకూ విద్యార్థిగా ఉన్నప్పుడు అదే సందేహం వచ్చింది.

జవాబు ఏమిటంటే, దియెస్తే గోడను విడిగా చూడలేదు. ఒక పక్క గోడ, కప్పు, రెండో పక్క గోడ కలిపి ఒకే చట్రంగా చూశారు. స్ట్రక్చరల్ ఇంజనీర్లు పోర్టల్ ఫ్రేమ్ అనేది ఇదే: రెండు కాళ్లు, వాటిని కలిపే దూలం. ఈ చట్రానికి కాళ్ల అడుగున కీలు లాంటి ఏర్పాటు ఉంటే, అంటే అడుగు కొద్దిగా తిరగడానికి వీలుంటే, అక్కడ వంపు ఒత్తిడి ఉండదు. గాలి తోసినా, కప్పు బరువు నొక్కినా ఆ ఒత్తిడి అడుగున సున్నాగా మొదలై పైకి పెరుగుతూ, కాలూ దూలమూ కలిసే మూల దగ్గర అత్యధికమవుతుంది. ఉక్కు షెడ్లలో కాళ్లు కింద సన్నగా, భుజాల దగ్గర వెడల్పుగా ఉండటం మీరు చూసే ఉంటారు, కారణం అదే. అట్లాంతిదా గోడ సరిగ్గా ఆ ఉక్కు కాలు చేసే పనే ఇటుకతో చేస్తోంది. మందాన్ని పెంచకుండా, అదే 30 సెంటీమీటర్లను వంచి, ఒత్తిడి లేనిచోట తిన్నగా, ఒత్తిడి ఎక్కువున్నచోట లోతైన అలగా మార్చారు. ఆ గోడ ఆకారం ఒక రకంగా ఒత్తిడి పటమే. దాన్ని ఇటుకల్లో గీశారంతే.

కప్పు కూడా అదే వరస. ఒక గొలుసును రెండు కొసలా పట్టుకుని వేలాడదీస్తే వచ్చే వంపును తలకిందులు చేస్తే, ఆ ఆకారంలో కట్టిన కమాను తన సొంత బరువుకు ఎక్కడా లాగుడుకు లోనుకాదు, అంతా నొక్కుడే. ఇటుకకు నొక్కుడంటే ఇష్టం, లాగుడంటే గిట్టదు. కాబట్టి అడ్డంగా కోసి చూస్తే దియెస్తే కప్పు ఎక్కడైనా ఈ తలకిందుల గొలుసే. కానీ పలచని కమానుకు మరో ప్రమాదం ఉంది: నొక్కుడు ఎక్కువైతే పలచని రేకులా ఒక పక్కకు ఉబ్బి నలిగిపోతుంది. బక్లింగ్ అంటాం. దీన్ని ఆపడానికి మందం పెంచవచ్చు, కానీ అప్పుడు బరువూ ఖర్చూ పెరుగుతాయి. దియెస్తే మందం పెంచలేదు. గొలుసు లోతును చోటుచోటుకూ మార్చారు. ఒకచోట కమాను ఎత్తుగా లేస్తుంది, కొన్ని మీటర్లు జరిగితే దాదాపు చదునుగా ఉంటుంది, మళ్లీ లేస్తుంది. ఇలా కప్పు పొడవునా అలలు వస్తాయి, ఆ అలల లోతే బక్లింగ్‌ను ఆపే బలం. వక్రతల గణితానికి పునాది వేసిన గాస్ పేరుతో వీటిని గాస్ కప్పులంటారు. అట్లాంతిదాలో గోడల అలలూ కప్పు అలలూ కలిసి నడుస్తాయి. గోడ బయటికి ఉబ్బినచోట కప్పు దూరం ఎక్కువ, 18.8 మీటర్ల వరకు. గోడ లోపలికి వచ్చినచోట తక్కువ.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఫొటోల్లో కనిపించని కష్టం అందులో ఉంది. ఇవి కట్టడం అసలు లెక్కలు కావు, ఉదాహరణకు నేను తీసుకున్న అంకెలు. చదరపు మీటరుకు 250 కిలోల బరువుండే కప్పు, 16 మీటర్ల దూరం, నడిమిన ఒకటిన్నర మీటరు లేచిన కమాను అనుకుందాం. దూరాన్ని దూరంతో గుణించి, బరువుతో గుణించి, లేచిన ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే కమాను తన కొసల దగ్గర బయటికి తోసే బలం వస్తుంది. 16 గుణించు 16 అంటే 256. దాన్ని 250తో గుణించి 12తో భాగిస్తే 5,333 కిలోలు. అంటే గోడ పొడవున ప్రతి మీటరు దగ్గరా అయిదు టన్నులకు మించిన బలం, 7 మీటర్ల ఎత్తులో, గోడను బయటికి నెట్టేస్తూ ఉంటుంది. కమాను ఇంకా చదునైతే ఈ తోపు ఇంకా పెరుగుతుంది. గాథిక్ చర్చిల వాళ్లు దీన్ని ఆపడానికి బయట పెద్ద పెద్ద ఆనుగోడలు కట్టారు. చాలా గోదాముల్లో హాలు మీదుగా ఇనుప కడ్డీలు అడ్డంగా లాగి కట్టేస్తారు. దియెస్తే సొంత గోదాముల్లోనూ అలాంటి కడ్డీలు కనిపిస్తాయి. కానీ అట్లాంతిదాలో లోపల నిలబడి పైకి చూస్తే ఒక్క కడ్డీ కూడా కనిపించదు. అవి లేక కాదు. అల చదునుగా దిగే లోయల్లో, కప్పు మందంలోనే వాటిని దాచేశారు. లోయ దాదాపు చదును కాబట్టే తిన్నని కడ్డీ అందులో ఇమిడింది. గోడల తల మీద చూరులా ముందుకొచ్చిన అంచు ఈ కడ్డీల మధ్య దూరంలో తోపును అందుకుని, అడ్డంగా పడుకోబెట్టిన దూలంలా కడ్డీలకు చేరుస్తుంది. ఎండా వానా ఆపే చూరు అనుకుని మనం చూసేది నిజానికి ఆ కట్టడపు నడుముపట్టీ.

గోడ ఎలా నిలిచిందో చెప్పాక దాన్ని ఎలా కట్టారో కూడా చెప్పాలి. ఆ వంకర గోడ మీద ఎక్కడో ఒకచోట రూళ్లకర్ర ఆనిస్తే, కింది నుంచి పైకి ఒక దిశలో అది సందు లేకుండా ఆనుతుంది. అంటే ఆ ఉపరితలం మొత్తం తిన్నని గీతలతో నేసినదే. ఒక్కో గీత కింది కొస నేల మీది తిన్నని రేఖ మీద ఉంటుంది, పై కొస చూరు దగ్గరి అల మీద ఉంటుంది. ఇది తెలిస్తే మేస్త్రీకి అచ్చులూ ఫర్మాలూ అక్కర్లేదు. నేల మీద ఒక తిన్నని గీత, పైన అల ఆకారంలో కోసిన చెక్క, రెంటి మధ్యా బిగించి కట్టిన దారాలు చాలు.

ఒకసారి విద్యార్థులతో నిలువెత్తు నమూనా గోడ ఒకటి ఇలాగే కట్టించాను. నేను లెక్కలు సరిగ్గానే వేశాను, కానీ అలవాటు కొద్దీ మేస్త్రీతో ప్రతి వరసకూ తూకం గుండు వేసి చూడమన్నాను. ఆయన రెండు వరసలు వేసి ఆగిపోయి, దారం ఒరిగి ఉంటే గుండు నిలువుగా దిగుతుంది కదండీ, రెంటిలో దేని మాట వినమంటారని అడిగారు. సిగ్గేసింది. గుండు పక్కన పడేశాం. ఆయన దారాలను ఇటుక వెడల్పుకు ఒకటి చొప్పున దగ్గర చేయించి, ప్రతి ఇటుక బయటి అంచునూ దారానికి తాకీ తాకనట్టు పేర్చుకుంటూ పోయారు. మట్టం మాత్రం ప్రతి వరసకూ అడ్డంగా చూసుకున్నారు. వరసలన్నీ నీటిమట్టానికి సరిగ్గా ఉండి, ప్రతి వరసా కింది దానికన్నా వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిగితే చాలు, గోడ దానంతటదే అలయింది. ఆ వెంట్రుకవాసి మెట్ల వల్లే సాయంత్రపు ఏటవాలు ఎండలో ప్రతి వరస కిందా సన్నని నీడ గీత పడుతుంది. అట్లాంతిదా ఫొటోల్లో గోడ మీద కనిపించే ఆ నేతబట్ట లాంటి గరుకుదనం అదే. ఫొటోగ్రాఫర్ల గొప్పతనం అందులో ఏమీ లేదు.

కప్పుకు మాత్రం చెక్క సెంట్రింగ్ కావాలి, కానీ కప్పు మొత్తానికీ కాదు. దియెస్తే గాస్ కప్పులకు సాధారణంగా ఒక అల వెడల్పుకు సరిపడా సెంట్రింగ్ చేయించి, దాన్ని పట్టాల మీద జరిపేవారు. ఇటుకలు పరిచి, సందుల్లో కడ్డీలు వేసి, గచ్చు నింపి, పైన పలచని సిమెంటు పూత వేస్తారు. కొద్ది గంటల్లోనో మర్నాటికో సెంట్రింగ్ దించి పక్కకు తోసి, తర్వాతి అలకు సిద్ధం చేస్తారు. కాంక్రీటు కప్పు అయితే రోజుల తరబడి ఆగాలి. ఇక్కడ అంత తొందర ఎలా కుదిరిందంటే, ఇటుక అప్పటికే బట్టీలో కాలి గట్టిపడి వచ్చింది. గట్టిపడాల్సింది సందుల్లోని కొద్దిపాటి గచ్చే, దాని మీద పడేదీ నొక్కుడే, అదీ తక్కువే. ఒకే సెంట్రింగ్‌ను పదేపదే వాడటం వల్లే ఆయన టెండర్లు గెలిచారు. ఇది అందరూ మరిచిపోయే విషయం: దియెస్తే తన నిర్మాణాలను గీసి ఎవరికో ఇచ్చి కూర్చోలేదు. ఆయనే కాంట్రాక్టరు. సెంట్రింగ్ దించేటప్పుడు పడిపోతే నష్టం ఆయనదే.

చర్చి లోపల వెలుగు గురించి మీరు అడగలేదు, కానీ అది చెప్పకపోతే రెండో ప్రశ్నకు జవాబు కుదరదు. పక్క గోడల్లో పెద్ద కిటికీలు లేవు, రంగు గాజు బిగించిన చిన్న చిన్న కంతలున్నాయి. అల వల్ల కొన్ని కంతలు ఒక పక్కకూ కొన్ని మరో పక్కకూ తిరిగి ఉంటాయి కాబట్టి, నడుస్తూ ఉంటే కొన్ని వెలిగి కొన్ని ఆరిపోతున్నట్టుంటుంది. ప్రవేశద్వారం ఉన్న ముందు గోడ పైభాగంలో నిలువు పలకల్లా పేర్చిన ఇటుక పొరల మధ్య నుంచి వెలుగు వడకట్టినట్టు వస్తుంది. జ్ఞానస్నానపు గది నేల కింద, గుండ్రంగా, పైనుంచి పడే వెలుగుతో ఉంటుంది. చీకట్లోకి దిగి, వెలుగు చూసి, చర్చిలోకి ఎక్కి రావడం అక్కడి ఉద్దేశం. పక్కన విడిగా నిలబడ్డ గంటల గోపురం కంతల ఇటుకతో కట్టిన గుండ్రని గొట్టం. దాని లోపలి మెట్లు గోడలోంచి పొడుచుకొచ్చి పైకి తిరుగుతాయి. ఇవేవీ బలం లెక్కల్లోంచి వచ్చినవి కావు. బలిపీఠానికీ జనానికీ మధ్య దూరం తగ్గించి, అందరినీ ఒకే హాల్లో ఒకే కప్పు కింద కూర్చోబెట్టిన ఆ అమరికను 1958లోనే కట్టడం మొదలుపెట్టారు. కేథలిక్ చర్చి తన ఆరాధనా పద్ధతిని ఆ దిశగా మార్చుకున్న రెండో వాటికన్ మహాసభ 1962లో గానీ మొదలు కాలేదు.

కాబట్టి రెండో ప్రశ్నకు నా జవాబు ఇది: చదువు రీత్యా, వృత్తి రీత్యా ఆయన ఇంజనీరే. యునెస్కో 2021లో ఈ చర్చిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా ఆ నమోదు పేరులో ‘ఇంజనీర్ ఎలాదియో దియెస్తే’ అనే ఉంది. ఆర్కిటెక్టు అని రాసినవాళ్లు ఆయన్ను గౌరవిస్తున్నామనుకుంటున్నారు గానీ, ఇంజనీరు కట్టింది అందంగా ఉంటే అతన్ని మరో వృత్తిలోకి మార్చాలన్న ఆ ఆలోచనే నాకు నచ్చదు. దియెస్తే తరచు వాడిన మాట ఒకటుంది, విశ్వార్థంలో పొదుపు అని. డబ్బు లెక్కలోని పొదుపు కాదు. లోకం నడిచే తీరుకు తగ్గట్టుగా, పదార్థం ఎంత అవసరమో అంతే, ఎక్కడ అవసరమో అక్కడే పెట్టడం. గోడ అలను అందం కోసం పెట్టారా, బలం కోసం పెట్టారా అని విడదీసి అడిగితే ఆయన నక్షాల్లో దానికి జవాబు దొరకదు.

ఇతర చర్చిల్లో నేను ముందుగా చూడమనేది దురాస్నో పట్టణంలోని సాన్ పెద్రో చర్చి. అట్లాంతిదాకు వచ్చినంత పేరు దీనికి రాకపోవడం నాకు ఎప్పుడూ వింతే. 1967లో పాత చర్చి అగ్నిప్రమాదంలో కాలిపోయి, ముందు భాగమూ గోపురమూ మాత్రం మిగిలాయి. వాటిని ఉంచి వెనక హాలును దియెస్తే కొత్తగా కట్టారు, 1971కి పూర్తయింది. ఇక్కడ ఒక్క వంపు కూడా లేదు. మడతపెట్టిన కాగితంలా తిన్నని ఇటుక పలకలే. నడిమి హాలుకూ పక్క హాళ్లకూ మధ్య మామూలుగా స్తంభాల వరస ఉండాలి; దానికి బదులు ఇనుప తీగలను లాగి బిగించిన ఇటుక గోడనే దూలంగా మార్చి, సుమారు 32 మీటర్ల దూరం ఆధారం లేకుండా దాటించారు. ఆ గోడల మీద కప్పు నేరుగా కూర్చోదు. మధ్యలో సన్నని సందు పొడవునా ఉండి, అందులో సన్నని ఉక్కు కడ్డీలు మాత్రం కప్పును మోస్తాయి. సందులోంచి వెలుగు పడుతుంటే మడతల ఇటుక కప్పు గాలిలో తేలుతున్నట్టుంటుంది. ప్రవేశద్వారం మీది గుండ్రని కిటికీ ఉండాల్సిన చోట షడ్భుజాకారపు పలచని ఇటుక చట్రాలు ఒకదాని లోపల ఒకటి, ఒకదాని వెనక ఒకటిగా వేలాడుతుంటాయి. కాలిపోకుండా మిగిలిన ముందు భాగంలోంచి లోపలికి అడుగుపెట్టి వెనక్కి తిరిగి చూస్తే తప్ప ఆ కిటికీ సంగతి తెలియదు.

మాంటెవీడియోలోని మల్వీన్ పేటలో లూర్దు మాత చర్చి ఒకటి మొదలుపెట్టారు గానీ అది పూర్తి కాలేదు. 1990లలో స్పెయిన్‌లో, మాడ్రిడ్ దగ్గరి అల్కలా దె ఎనారెస్ పరిసరాల్లో, అక్కడి ఆర్కిటెక్టులతో కలిసి కొన్ని చర్చిలు కట్టారు. వాటిలో అట్లాంతిదా, దురాస్నో రూపాలు మళ్లీ కనిపిస్తాయి. పనితనం బాగుంది. కానీ ఒక దేశపు పేదరికంలోంచి, అక్కడి మట్టిలోంచి పుట్టిన రూపాన్ని మరోచోట మళ్లీ పోతపోసినట్టు ఉంటుందని నాకనిపిస్తుంది. ఇది నా అభిప్రాయమే, ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు.

ఆయన చర్చిలు మాత్రమే చూసి ఆగవద్దు. యంగ్ అనే ఊళ్లో 1970లలో కట్టిన ధాన్యపు కొట్టు 30,000 టన్నుల గోధుమలు పట్టేది. నేల నుంచే లేచే గాస్ కప్పు తప్ప దానికి గోడలంటూ లేవు. సాల్తో పట్టణపు బస్సు స్టేషన్‌లో ఒకే వరస స్తంభాల మీద పొడవాటి ఇటుక కప్పులు రెండు పక్కలా పన్నెండు మీటర్లకు పైగా చాచి ఉంటాయి. అలా చాచిన కప్పులకు ప్రీస్ట్రెసింగ్, అంటే ఉక్కు తీగలను ముందే లాగి బిగించి ఇటుకను నొక్కి ఉంచడం, తప్పదు; దానికి ఖరీదైన జాకీలు, యాంకర్లు కావాలి. దియెస్తే వాటిని కొనలేదు. కప్పు మీద ఉక్కు తీగలను పొడవాటి ఉచ్చుల్లా పరిచి, కొసలను గచ్చులో పాతి, గచ్చు గట్టిపడ్డాక ఉచ్చు నడుమును ఒక చిన్న జాకీతో రెండు పక్కల నుంచీ దగ్గరికి నొక్కారు. రెండు తీగలనూ నడుమున చిటికెడు దూరం దగ్గరకు తెస్తే చాలు, పొడవునా అవి బిగుసుకుపోతాయి. వీణ తంతిని మధ్యలో పక్కకు లాగితే బిగువు పెరిగినట్టే. ఆ తర్వాత దాని మీద గచ్చు వేసి కప్పేస్తారు. ఆయన బుర్ర ఎలా పనిచేసేదో తెలుసుకోవడానికి నాకు ఈ ఒక్క ఉపాయం చాలనిపిస్తుంది.

ఇవాళ ఇలాంటివి కట్టగలమా అన్నారు. లెక్కల వరకు ఆయనకన్నా మనకే తేలిక. బక్లింగ్ లెక్కలను ఆయన చేత్తో వేసుకుంటే మనం కంప్యూటర్లో గంటలో చూసుకుంటాం. దారాలు కట్టి వంకర గోడ లేపగల మేస్త్రీలు కూడా, ఒకసారి చూపిస్తే, దొరుకుతారు. నా నమూనా గోడ దగ్గర అది రుజువైంది. చిక్కు వేరే చోట ఉంది. ఒకటి, కూలి ఖర్చు. దియెస్తే కాలంలో ఉరుగ్వేలో మనిషి పని చవక, సిమెంటూ ఉక్కూ ఖరీదు. ఆ నిష్పత్తి తిరగబడ్డచోట ఇటుక గాస్ కప్పు కంటే ఉక్కు ట్రస్సు మీద రేకులే చవక పడతాయి. రెండోది భూకంపం. ఉరుగ్వేలో భూమి కదలడం అరుదు కాబట్టి ఆయన ఆ లెక్క పెద్దగా చూసుకోనక్కర్లేకపోయింది. భూకంపపు ముప్పు ఉన్న నేల మీద కట్టాలంటే గోడ అడుగున కీలులా ఉంచడం, కప్పు అంత పలచగా ఉంచడం మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సిన విషయాలు. అట్లాంతిదా నక్షాను తెచ్చి అలాగే కడతానంటే నేను ఒప్పుకోను. మూడోది, గీసినవాడూ కట్టినవాడూ ఒకడే కావడం. గీసే సంస్థ ఒకటి, లెక్కలు చూసే సంస్థ ఒకటి, కట్టే సంస్థ మరొకటి అయినప్పుడు, మర్నాడే సెంట్రింగ్ దించమని ఎవరు ఎవరికి చెబుతారు, పడిపోతే ఎవరు పూచీ పడతారు?

మీరు విద్యార్థి అయితే ఫొటోలు పక్కన పెట్టి, అట్లాంతిదా చర్చి అడ్డుకోత నక్షాలు రెండు సంపాదించండి: ఒకటి కప్పు అల శిఖరం మీదుగా కోసినది, రెండోది లోయ మీదుగా కోసినది. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, గోడ పైకొసలు ఎంతెంత జరిగాయో, లోయలో కడ్డీ ఏ ఎత్తున దాగి ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత నేను పైన వేసిన తోపు లెక్కను శిఖరానికి ఒకసారి, లోయకు ఒకసారి మీ చేత్తో వేసి చూడండి. లోయ దగ్గర అంకె ఎంత పెద్దదిగా వస్తుందో చూశాక మళ్లీ రాయండి, ఆ తోపును శిఖరం ఎలా పంచుకుంటుందో అప్పుడు మాట్లాడుకుందాం.